ఇంటివద్ద మనోవ్యాధి చికిత్స – పరభాషా ప్రాంతంలో మన అనుభవం

(సోలాపురంలో తెలుగువారి ఉగాది ఉత్సవ సభలో ఒక విశ్రాంత నర్సు చేసిన ప్రసంగ పాఠము)

 

పంచాంగ శ్రవణం అయినది. కవిగారు పద్యాలు చదివినారు. ఇంకొంతసేపటికి పిల్లల నాటకం ఉన్నది. ఈ నడుమ ఆరోగ్యాన్ని గురించి నాలుగు మాటలు చెప్పవలసిందని కార్యదర్శిగారు నన్ను ఆజ్ఞాపించినారు. చక్కెర వ్యాధిని గురించో రక్తపోటును గురించో చెప్పుతానని వారు అనుకొని ఉంటారు. అవి చెప్పేవారు చాలామంది ఉన్నారు. ఎవరూ సభలో ఎత్తని సంగతి ఒకటి ఉన్నది. దానిని ఎత్తుతున్నందుకు ముందుగానే క్షమాపణ కోరుతున్నాను. పచ్చడిలో వేపపువ్వు ఏరి పక్కన పెట్టే పిల్లలను చూచి మా అవ్వ, "చేదు మింగనోనికి పండుగ సగమే" అనేది. ఈ పూట ఆ చేదు వంతు నాకు వచ్చినదనుకోండి.

నేను చెప్పదలచినది ఇది. ఇంట్లో ఒక మనిషికి మనసు చెదురుతుంది. నిద్ర పోదు, తిండి తినదు; లేని మాటలు వినవచ్చుతవి, లేదా చచ్చిపోదామనిపిస్తుంది. జ్వరం పెరిగినట్టే ఆ బాధ ఒక దశలో హఠాత్తుగా పెరుగుతుంది. ఆ దశను ఇంట్లోనే దాటించవచ్చునా? దాటించవలసి వస్తే, ఊరి భాష ఒకటి, ఇంటి భాష మరొకటి అయిన మనవంటి వారి గతి ఏమిటి?

మన తాతముత్తాతలు కరీంనగరం, నల్లగొండ, మహబూబునగరం దిక్కునుండి మగ్గాల వెంట, మిల్లుల వెంట ఈ ఊరికి వచ్చినారు. మూడు నాలుగు తరాలు గడిచినవి. మగవారికి బజారు వల్ల, కార్ఖానా వల్ల మరాఠీ వచ్చినది. పిల్లలకు బడి వల్ల వచ్చినది. కాని ఇంట్లో కూర్చొని చేట ఒడిలో పెట్టుకొని బీడీలు చుట్టిన మన అవ్వలకు ఎంత వచ్చినది? కూరగాయలు కొనడానికి, బీడీలు అప్పగించి లెక్క చూచుకోవడానికి సరిపోయేటంత వచ్చినది. మనసులోని బాధ చెప్పుకోవడానికి ఆ మరాఠీ చాలదు. బేరమాడే భాష వేరు, ఏడ్చే భాష వేరు.

ఒక సంగతి చెప్పుతాను. ఇది మా ఇంట జరిగినదే. ఆమె బ్రతికి ఉండగానే, "పదిమందికి పనికొస్తదంటే చెప్పు బిడ్డా, నా పేరు మాత్రం చెప్పకు" అని అనుమతి ఇచ్చినది. పెద్దవ్వ అని మాత్రమే అంటాను.

2009 సంవత్సరం. పెద్దవ్వ భర్త పోయి ఆరు నెలలైనది. రోజుకు వేయి బీడీలు చుట్టే మనిషి, ఆకు కత్తిరించి చేటలో పోసుకొని దాని వంక చూస్తూ కూర్చోవడం మొదలుపెట్టినది. "రంది పెట్టుకున్నది" అన్నారు ఇంటివారు. "బానామతి చేసినరు" అన్నారు ఎవరో. నిమ్మకాయలు తిప్పినారు, తాయెత్తు కట్టినారు. ఎట్టకేలకు ఒక దవాఖానకు తీసుకొని పోయినారు. కొడుకు మగ్గం షిఫ్టుకు పోయినాడు. కోడలికి మరాఠీ అంతంతమాత్రం. అందుచేత పన్నెండేండ్ల మనవణ్ణి వెంట పంపినారు. వాడు బడిలో మరాఠీ చదువుతున్నాడు గదా అని!

డాక్టరు ఏమి బాధ అని అడిగినాడు. పెద్దవ్వ చెప్పినది: "బాయి దిక్కు కాళ్లు గుంజుతున్నయి." మన తెలుగులో కాళ్లు గుంజుతున్నవంటే నొప్పి పుట్టుతున్నవని కూడా అర్థమే గదా! పిల్లవాడు తనకు తెలిసినంతలో నిజాయితీగానే చెప్పినాడు, "పాయ్ దుఖతాత్" అని. బాయి అన్న మాట ఎక్కడికి పోయినదో! మరాఠీలో బాయి అంటే ఆడమనిషి. మనకు బాయి అంటే నీళ్ల బావి. డాక్టరు కాళ్ల నొప్పికి గోలీలు వ్రాసి ఇచ్చినాడు.

మూడవనాటి తెల్లవారుజామున పక్కింటి మరాఠీ ఆమె, మేమందరము కాకూ అని పిలిచే ఆమె, నీళ్లకు లేచి, వాడ వెనుక పాతబావి గోడ మీద కూర్చున్న పెద్దవ్వను చూచినది. కేక వేయలేదు. మెల్లగా పోయి పక్కన కూర్చొని చేయి పట్టుకొన్నది. ఒకరి మాట ఒకరికి సగమే తెలుసు. తెల్లవారేదాకా ఆ చేయి వదలలేదు.

నేను అదే ఊళ్లో నర్సు ఉద్యోగం చేస్తున్నాను. ఆ ఉదయం పరుగున పోయి అడిగినాను: "పెద్దవ్వా, ఇంత బాధ ఉంటే డాక్టరుకు చెప్పకపోతివా?" ఆమె నా ముఖం చూచి, "చెప్పిన బిడ్డా. బాయి దిక్కు కాళ్లు గుంజుతున్నయని చెప్పిన. ఆయన గోలీలు ఇచ్చిండు" అన్నది.

ఈ మాట విన్న తరువాత కూడా నేను చాలాకాలం నర్సుగా పని చేసినాను. ఆ మాట మరువలేదు. ఆ పిల్లవాడు ఇప్పుడు పెద్దవాడైనాడు, పిల్లల తండ్రి అయినాడు. ఆ ప్రసక్తి వస్తే నేటికీ తల వంచుకొంటాడు. తప్పు వానిది కాదు. పన్నెండేండ్ల పిల్లవాని భుజం మీద అంత బరువు పెట్టిన పెద్దలది. అందులో నేనూ ఒకతెను. వాడు సరిగా చెప్పగలిగి ఉన్నా, మనవని ఎదుట ఏ అవ్వ "నాకు చావాలని ఉన్నది" అని నోరు విప్పుతుంది?

ఆ తరువాత మానసిక వైద్యుని వద్దకు తీసుకొనిపోయి ఒక ఆస్పత్రిలో చేర్చినాము. మూడు వారాలు ఉన్నది. మందులు గుణమిచ్చినవి. అది నేను కాదనను. కాని ఆ వార్డులో తెలుగు తెలిసినవారు ఒక్కరూ లేరు. నేను ఆదివారం పోయి చూస్తే కాగితంలో "రోగి మాట్లాడదు" అని వ్రాసి ఉన్నది. నేను మంచం మీద కూర్చోగానే ఆమె గంటసేపు ఎడతెగకుండా మాట్లాడినది. భాషకు చోటులేని గదిలో మౌనం కూడా రోగలక్షణంగా లెక్కకు వచ్చినది.

2013లో మళ్లీ వచ్చినది ఆ బాధ. ఈసారి ముందుగానే గుర్తుపట్టినాము. ఆస్పత్రి పేరు ఎత్తితే పెద్దవ్వ గజగజ వణికింది. అప్పుడు డాక్టరుగారు ఒక మాట అన్నారు. వారు మరాఠీవారే. "సిస్టర్, రోజూ ఎవరో ఒకరు పోయి చూచి నాకు ఫోను చేస్తామంటే ఇంట్లోనే ప్రయత్నిద్దాము. మూడు రోజులలో నిద్ర రాకపోయినా, నీళ్లు తాగడం మానినా, ఒక్క ఘడియ ఆలస్యం చేయకుండా తీసుకొని రండి." ఈ షరతు మీద ఇల్లే వార్డు అయినది.

అదెట్లా నడిచినదో కొంచెం వివరంగా చెప్పుతాను. ఇంటివద్ద చికిత్స అంటే మనిషిని ఇంట్లో వదిలివేయడం కాదు. ముందుగా వంతులు వేసుకొన్నాము. రాత్రి మొదటి జాము కొడుకు, నడిజాము కోడలు, తెల్లవారుజాము కాకూ. అవును, ఆ కాకూ తానే అడిగి ఆ వంతు తీసుకొన్నది. బావికి మూత వేయించినాము. ఇంట్లో ఉన్న ఎలుకల మందు, పాత గోలీలు అన్నీ తీసివేసినాము. మందుల సీసా కోడలి పెట్టెలో. పూటకు ఎంత కావాలో అంతే బయటికి. చూడ వచ్చే చుట్టాలను వాకిట్లోనే కూర్చోబెట్టి టీ ఇచ్చి పంపినాము. ఒక దినం నేను, ఒక దినం నా వద్ద పని నేర్చుకొంటున్న మరాఠీ పిల్ల పోయేవారము. తెల్ల చీర కట్టుకొని పోతే వాడంతా తెలిసిపోతుందని మామూలు చీర కట్టుకొని పోయేవారము. ఆ పిల్లకు తెలుగు రాదు. నాలుగు మాటలు నేర్పమన్నది. "అవ్వా, తిన్నవా?" "నిద్ర పట్టిందా?" "బాయి దిక్కు మనసు పోతున్నదా?" ఈ మూడవ మాటను మూడుసార్లు అనిపించి నేర్పినాను.

ఐదవనాటికి నిద్ర పట్టింది. పదునెనిమిదవ నాడు చేట ముందర పెట్టుకొని పది బీడీలు చుట్టినది. ఆ పది బీడీలను కోడలు కార్ఖానాలో ఇవ్వలేదు. చాలాకాలం దాచుకొన్నది.

తరువాత కొన్నాళ్లకు నేను తీరికగా అడిగినాను, "పెద్దవ్వా, అక్కడున్నప్పుడు ఎట్లుండె, ఇంట్ల ఉన్నప్పుడు ఎట్లుండె?" అని. మనం వైద్యులను అడుగుతాము, ఇంటివారిని అడుగుతాము. అనుభవించిన మనిషిని అడగము. ఆమె చెప్పినది వినండి.

"ఇంట్ల మంచిగనే ఉండె. పొయ్యి పొగ వాసన తెల్సినంక ఇది నా ఇల్లే అని పానం కుదుటపడ్డది. నా మాట నాకు దొరికింది. గని ఒకటి చెప్త. అందరు నన్ను కండ్లతోని కట్టేసిండ్రు. దొడ్డికి పోయినా ఎనుక ఒకరు. చిన్నపోరగాన్ని చూసినట్టు గోలీ నాలుక మీద పెట్టి నోరు తెరువుమన్నరు. వాకిట్ల చుట్టాలు గుసగుసలాడింది కూడ నాకు వినొచ్చింది. పిచ్చి అన్న మాట ఎంత మెల్లగన్నా వినొస్తది బిడ్డా." ఆ మరాఠీ పిల్లను గురించి అడిగినాను. "ఆ పిల్ల మాట వంకర ఉండె గని మనసు సక్కగుండె. బాయి ముచ్చట అడిగింది ఆ పిల్లొక్కతే. మీరందరు అడుగుటానికి భయపడ్డరు" అన్నది.

ఇందులో మనకు నాలుగు పాఠాలున్నవి. ఇల్లు మందు వంటిది. కాని ఒకే గది ఇంట్లో ఆ మందుకు మరుగు లేదు. కాపలా అవసరం. కాని కాపలా మర్యాదతో ఉండకపోతే అది కూడా ఒక గొలుసే. చావు తలంపు ఉన్నదా అని అడిగితే లేని తలంపు పుట్టిస్తామేమో అని మనం భయపడుతాము. ఆ భయం నిజం కాదు. నెమ్మదిగా, సూటిగా అడిగితే ఆ తలంపు పుట్టదు. ఉన్నవారికి బరువు దిగుతుంది.

నాలుగవది కోడలి సంగతి. ఆ పదునెనిమిది దినాలలో ఆమె ఒక్క బీడీ చుట్టలేదు. రాత్రి నిద్ర లేదు, పగలు కూలి లేదు. ఆస్పత్రి ఖర్చు తప్పిందని మగవారు సంతోషించినారు. తప్పలేదు. ఆస్పత్రి పద్దులోనుండి కోడలి పద్దులోనికి మారినది, అంతే. ఇంటివద్ద చికిత్స మంచిదని చెప్పే ప్రతివారూ ఈ లెక్క చెప్పి తీరవలెను.

ఇది మా ఒక్క ఇంటి కథ అయితే సభలో చెప్పేదాన్ని కాదు. మన దేశంలో మనోరోగికి కుటుంబమే మొదటి ఆస్పత్రి అని పెద్దలు ఏనాడో గుర్తించినారు. 1950ల దశాబ్దంలో అమృతసరం మానసిక వైద్యాలయంలో డాక్టర్ విద్యాసాగర్ గారు రోగుల బంధువులను కూడా పిలిచి, ఆస్పత్రి ఆవరణలో గుడారాలు వేయించి వారితోపాటు ఉంచినారు. వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలవారు కూడా ఆ దశాబ్దంలోనే రోగితో కుటుంబం కలిసి ఉండే పద్ధతిని పెట్టినారు. 1980ల ఆరంభంలో బెంగళూరు నిమ్‌హాన్స్‌లో శైలా పాయ్, ఆర్. ఎల్. కపూర్ అనే పరిశోధకులు ఒక పరీక్ష చేసినారు. స్కిజోఫ్రీనియా అనే తీవ్రమైన మనోవ్యాధి ఉన్నవారిలో కొందరిని ఆస్పత్రిలో చేర్చినారు. అటువంటివారినే మరికొందరిని ఇంట్లోనే ఉంచి, ఒక నర్సును ఇంటికి పంపుతూ చికిత్స చేసినారు. ఆరు నెలలు చూచినారు. ఇంటివద్ద ఉన్నవారే మెరుగుగా కోలుకొన్నారు. ఇంటివారి భారం కూడా తగ్గినది. ఖర్చూ తక్కువ అయినది. గమనించండి: నర్సు ఇంటికి వచ్చినందువల్ల భారం తగ్గినది. కేవలం ఇంట్లో ఉంచినందువల్ల కాదు. ఇంటివద్ద రోగి ఉండడం మనకు కొత్త కాదు. ఇంటికి వైద్యం రావడమే కొత్త.

ఆ దశాబ్దంలోనే నిమ్‌హాన్స్‌వారు బళ్లారి జిల్లాలో మరొక పని చేసినారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు, ఊరూరు తిరిగే ఆరోగ్య కార్యకర్తలకు మనోవ్యాధులను గుర్తించడం నేర్పి, మందులు అక్కడికే అందజేసినారు. 1996లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి అదే నమూనా అయినది. బళ్లారి అంటే కన్నడమూ తెలుగూ ఒకే వీధిలో వినబడే జిల్లా. మనవంటి ఊరినుండే ఆ మేలు దేశానికి పోయినదని మనం సంతోషించవచ్చును.

సముద్రాలకు అవతల ఇంగ్లండులో ఇంటివద్ద చికిత్సను ప్రభుత్వమే దేశమంతటా ఏర్పాటు చేసినది. 2000 సంవత్సరపు ఆరోగ్య ప్రణాళికలో, బాధ ముదిరిన మనిషిని ఆస్పత్రిలో చేర్చడానికి బదులు ఇంటికే పోయి చూచే బృందాలను 335 నెలకొల్పాలని నిర్ణయించినారు. నర్సులు, డాక్టర్లు, సంఘసేవకులు కలిసిన బృందం అవసరమైతే రోజుకు రెండుసార్లు కూడా ఇంటికి పోతుంది. ఏర్పాటు ఘనమైనదే. కాని దినానికొక కొత్త ముఖం వస్తుంది, వచ్చిన ప్రతివారికీ మొదటినుండి కథ చెప్పుకోవలె అనే ఫిర్యాదు అక్కడ తరచుగా వినవస్తుంది. సొంత భాషలో చెప్పుకోవడానికే కష్టమైన కథను పరాయి భాషలో పదిమందికి పదిసార్లు చెప్పడమంటే ఏమిటో మీకు వేరే చెప్పనక్కరలేదు. ఆ దేశంలోనే నల్లజాతివారిని చట్టప్రకారం నిర్బంధించి ఆస్పత్రిలో పెట్టడం తెల్లవారికంటే నాలుగు రెట్లకు మించి ఉన్నదని 2018లో ప్రభుత్వం వేయించిన సమీక్ష తేల్చినది. కొద్దిమందిగా ఉన్నవారు భయంతో వైద్యానికి దూరంగా ఉంటారు. దూరంగా ఉన్నందువల్ల ఆలస్యమవుతుంది. ఆలస్యమైనందువల్ల బలవంతం వస్తుంది. బలవంతం మళ్లీ భయాన్ని పెంచుతుంది. గానుగెద్దు వలె అదే చుట్టు. మన పెద్దవ్వ వణుకు అటువంటిదే.

ఇక మన దేశపు చట్టం. 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29 నుండి అమలులో ఉన్నది. దానిలో మనకు పనికివచ్చే మాటలు కొన్ని చెప్పుతాను. జబ్బు ఏమిటో, చికిత్స ఏమిటో రోగికి అర్థమయ్యే భాషలో చెప్పవలెను. అది దయ కాదు, హక్కు. ప్రాణాపాయం వంటి అత్యవసరం వచ్చినప్పుడు ఏ రిజిస్టరైన డాక్టరైనా, ఆస్పత్రిలోనే గాక బయట సమాజంలోకూడా, రోగి తరఫున నియమితుడైన ప్రతినిధి అందుబాటులో ఉంటే వారి సమ్మతి పొంది, సాధారణంగా 72 గంటలకు మించకుండా అత్యవసర చికిత్స చేయవచ్చును. మనసు బాగున్న రోజుల్లోనే, "నాకు మళ్లీ ఇట్లా అయితే ఈ విధంగా చూడండి, ఈ విధంగా చూడవద్దు" అని ముందుగా వ్రాసిపెట్టుకొనే అవకాశం కూడా ఉన్నది. మనోరోగిని ఏ విధంగానూ గొలుసులతో కట్టరాదు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో గొలుసులతో కట్టి ఉంచిన రోగుల పాకకు నిప్పంటుకొని 28 మంది చనిపోయినారు. వారిని అక్కడ విడిచివచ్చినవారు దుర్మార్గులు కారు. దారి తెలియని కుటుంబాలవారు. ఆ చట్టమే మరొక మేలు చేసినది. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్లే భావించి, శిక్షించక, ఆదుకోవలెనని చెప్పినది. పోలీసుల భయంతో ఎవరినీ దాచిపెట్టకండి.

2022 అక్టోబరు 10న ప్రభుత్వం టెలీ మానస్ అనే ఫోను సేవను ప్రారంభించినది. సంఖ్య 14416. పైకం లేదు. రాత్రింబగళ్లు పని చేస్తుంది. అనేక భారతీయ భాషలలో మాట్లాడవచ్చును. వాటిలో తెలుగు ఉన్నది. 2009లో మా ఇంట ఈ సంఖ్య ఉండి ఉంటే పెద్దవ్వ తన బావి మాటను తన భాషలోనే చెప్పుకొని ఉండును. ఈ సంచిక ఇంటికి తీసుకొనిపోయిన వారు ఆ అయిదంకెలను గోడమీది కాలెండరు మీద వ్రాసుకొనండి.

అయితే ఫోను తెలుగులో మాట్లాడగలదు గాని, తెల్లవారుజామున చేయి పట్టుకోలేదు. ఆ పని మనదే. అందుచేత మన సంఘానికి మూడు మనవులు చేసి ముగిస్తాను.

మొదటిది. దవాఖానకు పోయినప్పుడు పిల్లలను దుబాసీలుగా పంపే అలవాటును నేటితో మానుదాము. రెండు భాషలూ బాగా తెలిసి, రహస్యం కడుపులో పెట్టుకోగల ఆడవారు ఇద్దరు, మగవారు ఇద్దరు పేర్లు ఇస్తే, వారిని రోగుల వెంట పంపే ఏర్పాటు సంఘం చేయవచ్చును. వారికి ఒక్కటే నియమం: రోగి అన్న మాటను అన్నట్టే చెప్పవలెను. "బాయి దిక్కు" అంటే బాయి దిక్కు అనే చెప్పవలెను. అర్థం చేసుకొనే పని డాక్టరుది.

రెండవది. రోగిని ఇంట్లో ఉంచి చూచుకొనే కుటుంబానికి వంతుల సాయం. మన ఇండ్లలో చావు జరిగితే పదిదినాలు ఇరుగుపొరుగు అన్నం వండి పంపుతారు. మనిషి చావు దాకా పోయి తిరిగి వస్తున్నప్పుడు ఆ అన్నం ఎందుకు పంపరాదు? కోడలు ఒక రాత్రి నిద్రపోవడానికి ఒక మనిషి, ఆ పది పదిహేను దినాల కూలి నష్టానికి సంఘ నిధినుండి కొంచెం ఆధారం. ఇంత చేస్తే చాలు.

మూడవది మన నోటి సంగతి. పిచ్చి అనే మాటను ఇంట్లో, వాకిట్లో, పెండ్లి సంబంధాల బేరాల్లో వాడడం మానుదాము. దిగులు ముదిరింది అందాము, మనసుకు దెబ్బ తగిలింది అందాము. ఎంత మెల్లగా అన్నా వినబడుతుందని వినినవారే చెప్పినారు.

ఒక హెచ్చరిక కూడా చేయకపోతే నా ఉద్యోగధర్మం తప్పినదానను అవుతాను. ఇంటివద్దనే చూచుకోవలెనని నేను పట్టుబట్టడం లేదు. నీళ్లు కూడా ముట్టనివారిని, చావు తలంపు వదలక కాపలాకు మనుషులు చాలనప్పుడు, ఇతరులను కొట్టే స్థితి వచ్చినప్పుడు, జ్వరంతో కలిసి మతి తప్పినప్పుడు, బాలింతకు మనసు చెదిరినప్పుడు ఇంట్లో ఉంచుకోరాదు. వెంటనే ఆస్పత్రికి పోవలెను. తగ్గిందని మందులు మనంతట మనమే మానరాదు. ఏది ఇంటిపని, ఏది ఆస్పత్రిపని అన్నది డాక్టరుతో కలిసి తేల్చుకోవలెను. మా పెద్దవ్వ విషయంలో ఇల్లు నిలబడినదంటే, వెనుక ఒక డాక్టరు ఫోను ఎత్తడానికి సిద్ధంగా ఉన్నందువల్లనే.

పెద్దవ్వ 2019లో, నిండు వయస్సులో, తన ఇంట్లో, తన మంచం మీద, నిద్రలోనే పోయినది. ఆనాడు ఆమె తలవైపు ఇద్దరు కూర్చున్నారు. ఒకరు కోడలు. రెండవవారు పక్కింటి కాకూ. ఆమెకు ఆ పదేండ్లలో తెలుగు చాలావరకు వచ్చినది. ఏడ్చేటప్పుడు తెలుగులోనే "అవ్వా" అని ఏడ్చినది.

పిల్లల నాటకానికి ఆలస్యం చేసినాను. క్షమించండి. ఈ కొత్త సంవత్సరంలో మన ఇండ్లలో ఎవరి మాటా దారిలో జారిపోకుండా ఉండుగాక అని కోరుకొంటూ సెలవు తీసుకొంటున్నాను.